నలగని నిమ్మకాయలు

"కారు స్టార్టయిన చప్పుడు మీ చెవులతో మీరే విన్నారా?"

"విన్నానమ్మా. ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

కాశీవిశ్వనాథం గారు కండువాతో మెడ తుడుచుకున్నారు. షెడ్డులో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ ఆయన వైపే తిప్పి ఉంది. అయినా చెమట ఆగడం లేదు.

"ఎన్నింటికి?"

"తెల్లారగట్ల ఐదింటికి. నేను మిల్లు డాబా మీద నడుస్తున్నా. రోజూ నడుస్తా, డాక్టరు చెప్పాడు. ఇక్కడ ఇంజిను మోగింది. చూస్తుండగానే ముందు గేటులోంచి కారు బయటికొచ్చి విస్సన్నపేట రోడ్డెక్కేసింది. తోలేది ప్రేమ్ కిరణే."

"లైట్లు వేసుకుని వెళ్లాడా?"

"చీకట్లో వేసుకోకుండా ఎట్టా వెళతాడు?"

"అంత దూరం నుంచి, ఆ చీకట్లో, కారు లోపలున్న మనిషి మొహం మీకెలా కనబడింది?"

ఆయన కండువా విదిలించారు. "మొహం చూశానని నేనన్నానా? ఆ డొక్కుని తోలేవాడు ఈ తిరువూరులో వాడు కాక ఇంకెవడున్నాడు?"

డొక్కు అన్న మాటకి గోడవారగా నిలబడ్డ హెప్సిబా తలెత్తి చూసింది. ఆ అమ్మాయి ఒక చిన్న మట్టికుండని రెండు చేతులతో పొట్టకి అదుముకుని ఉంది. నేను వచ్చినప్పటి నుంచీ దాన్ని కింద పెట్టలేదు. మందు వేడెక్కకుండా కుండలో నీళ్లు, నీళ్లలో ప్లాస్టిక్ కవరు, కవరులో వాళ్లన్నయ్య ఇన్సులిన్ పెన్ను.

ప్రేమ్ కిరణ్‌కి చిన్నప్పటి నుంచీ షుగరు. రోజూ పొద్దున్నా రాత్రీ సూది పడాలి. ఇవాళ పొద్దుటి సూది పడలేదు, మనిషి ఎక్కడున్నాడో తెలియదు. నేను వెతుకుతున్నది కారుని కాదు. ఆ అబ్బాయిని.

నేను డిటెక్టివ్‌ని. పెళ్లికి ముందు విజయవాడలో ఒక ఏజెన్సీలో పనిచేశాను. కాపురానికి తిరువూరు వచ్చి నెల తిరగలేదు. పొద్దున ఫోను మోగినప్పుడు ఇంట్లో కాఫీ పెట్టే వంతు మావారిది. పాలు పొంగుతున్నా ఆయన నా జడవైపు చూస్తూ నిలబడ్డారు, నేను నవ్వుతూ ఫోనెత్తాను. అవతల ఇందిరాదేవి గారి గొంతు విన్నాక ఆ నవ్వు ఎక్కడికి పోయిందో నాకే తెలియలేదు.

ఇందిరాదేవి గారు కాశీవిశ్వనాథం గారికి వదిన. ఆవిడ మామగారు కొన్న ల్యాండ్‌మాస్టర్ కారు పెద్దకొడుక్కి వచ్చి, ఆయన పోయాక ఆవిడ పేరు మీదికి మారి, మరిది రైసుమిల్లు వెనక ఉన్న ఈ షెడ్డులో ఏళ్ల తరబడి మూలబడింది. గంపలగూడెం నుంచి వచ్చిన డిప్లొమా కుర్రాడు, ఈ ప్రేమ్ కిరణే, రెండేళ్ల కిందట ఆవిడ గడప దగ్గర నిలబడి, "అమ్మగారూ, ఒక్కసారి దాన్ని ముట్టుకుని చూసుకోవచ్చా?" అని అడిగాడట. డబ్బులిమ్మని కాదు, పనిమ్మని కాదు. ముట్టుకుంటానని. ఆవిడకి అది నచ్చింది. "బతికించి నడిపి చూపించు, అది నీదే" అంది.

ఇవాళ పదింటికి పూజ జరగాల్సింది. పూజయ్యాక మొదటి ప్రయాణం నెమలి వేణుగోపాలస్వామి గుడికి, వెనక సీట్లో ఇందిరాదేవి గారు. పొద్దున ఆరున్నరకి టిఫిను పట్టుకొచ్చిన హెప్సిబాకి ఖాళీ షెడ్డు కనబడింది. అన్న ఫోను స్విచాఫ్. అప్పటికే కాశీవిశ్వనాథం గారు కారు దొంగతనం జరిగిందని ఫిర్యాదు ఇచ్చేశారు. ఆయన మాట మీద అందరూ విస్సన్నపేట దారిలో వెతుకుతున్నారు.

"కారు పోతే పోయిందమ్మా, ఆ పిల్లాడిని వెతుకు" అంది ఇందిరాదేవి గారు. "మా మరిది ఏదేదో అంటున్నాడు. నేను నమ్మను."

కాశీవిశ్వనాథం గారు కుర్చీలోంచి లేచారు. "ఇంకేమైనా ఉందా? మిల్లులో పనుంది నాకు."

"ఇప్పటికి లేదండి."

ఆయన బయటికి వెళ్లాక మావారు రాంప్రసాద్ నా పక్కకొచ్చారు. ఫిజిక్సు లెక్చరరు. సెలవు పెట్టి మరీ నన్ను స్కూటరు మీద దింపారు. "అంతగా చెమట పడుతున్నవాడు ఫ్యాను ముందు నుంచి లేవడానికి తొందరపడ్డాడు, చూశావా?" అన్నారు మెల్లగా.

"చూశానండి."

ఏవండీ అని పిలవడం, అండీ అనడం నాకింకా కొత్త పట్టుచీరలా ఉంది. మామూలుగా అయితే ఆ మాట అనేటప్పుడు కాస్త సాగదీసి మురిసిపోతాను. ఇప్పుడు ఒక్క ముక్కలో అనేసి గోడవైపు తిరిగాను.

"హెప్సిబా, మీ అన్నయ్య రాత్రి ఇంటికి రాలేదా?"

"లేదక్కా. పూజ ముందు పనుంది, షెడ్డులోనే పడుకుంటానన్నాడు. రాత్రి ఎనిమిదింటికి అన్నం పట్టుకొచ్చాను. అప్పుడు బానెట్టుకి మెరుగు పెడుతున్నాడు. కళ్లు మూసుకుని అరచేత్తో రేకంతా తడిమి చూశాడు. కంటికి కనపడని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయంట. పెద్దాయన ఇవాళ నున్నగా గడ్డం గీసుకున్నాడే అన్నాడు."

"పెద్దాయనా?"

"కారుని అట్టాగే అంటాడు. పెద్దాయన అలిగాడు, పెద్దాయనకి దగ్గొచ్చింది అని. మా అమ్మయితే, ముందు ఆ పెద్దాయనకే పెళ్లి చెయ్యరా అంటది." ఆ అమ్మాయి బల్ల వైపు చూపించింది. "రాత్రి సూది వేసుకున్నాడు. వాడేసిన సూది ఆ డబ్బాలో ఉంది. కానీ అన్నం తినలేదక్కా."

బల్ల మీద స్టీలు క్యారియరు ఉంది. మూత తీశాను. పప్పు, వంకాయ కూర, అన్నం. చెయ్యి పెట్టిన గుర్తే లేదు.

"సూది వేసుకుని తినకపోతే ఏమవుతుంది?"

"షుగరు పడిపోద్ది. చెమటలు పడతాయి, వణుకొస్తది. ఇంకాసేపటికి పిలిచినా పలకడు. ఇంటరులో ఒకసారి అట్టాగే అయింది. పనిలో పడితే వాడికి తిండి గుర్తుండదక్కా, నేను తినేదాకా కూర్చోవాల్సింది. ఎందుకు వెళ్లిపోయానో..."

కుండలో నీళ్లు తొణికి నేల మీద పడ్డాయి. ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేశాను. అన్నం తినకుండా సూది వేసుకున్న మనిషి తెల్లవారుజామున స్టీరింగు ముందు కూర్చుని ఇరుకు గేటులోంచి కారుని నేర్పుగా తీసుకుపోయాడంటే నేను నమ్మలేను.

"ఏమ్మా కొత్త పెళ్లికూతురా! పారాణి ఆరకముందే పరిశోధనా?"

ముందు గేటు దగ్గర నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకుంటూ ఒకాయన నిలబడ్డాడు. బాలశౌరి. విజయవాడలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుతాడు. మా ఏజెన్సీకి రావలసిన కేసులు రెండు మూడు ఆయన చేతికే పోయాయి. ఈ కేసులో కాశీవిశ్వనాథం గారు పెట్టుకున్న మనిషి.

"మీరూ వచ్చారా సార్?" అన్నాను.

"వచ్చాను, చూశాను, తేల్చేశాను కూడా. కారు నీకే ఇస్తానని ముసలావిడ నోటిమాటగా అంది. కాగితం మీద పెట్టలేదు. రేపు మనసు మార్చుకుంటే? అందుకని ముందే ఎత్తుకుపోయాడు. ఇందులో నువ్వు బుర్ర బద్దలు కొట్టుకోడానికేముంది? ఇంటికెళ్లి మీ ఆయనకి వంట చేసి పెట్టు."

"వంటలో నా వంతు కూడా ఉంటుందండీ మా ఇంట్లో" అన్నారు మావారు. "మీరు భోజనానికి వస్తే మీకు నేనే వండి పెడతాను. తిన్నాక మీరే కేసు వదిలేస్తారు."

హెప్సిబా వైపు చూసి నవ్వు ఆపుకున్నాను.

"సార్, పారిపోయేవాడు ఇన్సులిన్ వదిలేసి వెళతాడా?" అడిగాను.

"అది దొరకని మందుల షాపు ఎక్కడుంది? ఏ ఊళ్లోనైనా కొనుక్కుంటాడు."

"పర్సు అక్కడ మేకుకి వేలాడుతున్న చొక్కాలోనే ఉంది."

"ఫోనుతో కడతాడు."

"ఫోను స్విచాఫ్ చేసిందెందుకు మరి?"

నేను షెడ్డు మధ్యకి వెళ్లాను. ఇలాంటి చోటు నేనెప్పుడూ చూడలేదు. గోడ పొడవునా బల్ల, దాని మీద పాత ఇడ్లీ రేకులు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కో గుంటలో ఒక్కో జత నట్టూ బోల్టూ, కిరసనాయిలుతో కడిగి, విప్పిన వరసలోనే. ఒక రేకులో బోల్టు లేని గుంటలో బెల్లం ముక్క పెట్టుకున్నాడు. షుగరు పడిపోతే నోట్లో వేసుకోడానికి కాబోలు. అది చీమలు పట్టి అక్కడే ఉంది.

కారు నిలబెట్టిన చోట నేల చుట్టుపక్కల కంటే తెల్లగా ఉంది. ముందు గేటు రోడ్డు వైపుకి, వెనక గేటు మిల్లు ఆవరణలోకి. కారు మొహం ముందు గేటు వైపు ఉండేదని హెప్సిబా చెప్పింది.

ఆ తెల్లటి చోట ముందు భాగంలో, ఎడమవైపొకటీ కుడివైపొకటీ, రెండు నిమ్మకాయలు ఉన్నాయి. గుండ్రంగా, పచ్చగా, చెక్కు చెదరకుండా. వెనక భాగంలో కూడా రెండు ఉన్నాయి. అవి అప్పడంలా నలిగి నేలకి అతుక్కుపోయాయి. గింజలు బయటికి చిమ్మి ఉన్నాయి.

ఫోను తీసి ఇందిరాదేవి గారికి చేశాను. "అమ్మా, పూజకి నిమ్మకాయలు ముందే షెడ్డుకి పంపించారా?"

"లేదమ్మా, నా పళ్లెంలోనే ఉన్నాయి. పంతులుగారు రాలేదు కదా, ఎందుకు పంపిస్తాను?"

ఫోను పెట్టేసి హెప్సిబా వైపు తిరిగాను. "మీ అన్నయ్య చక్రాల కింద నిమ్మకాయలు పెడతాడా?"

"మేమా? లేదక్కా. కొత్త బండి కొంటే మా పాస్టరుగారొచ్చి ప్రార్థన చేస్తారు. పెద్దమ్మగారి పూజయ్యాక ఆయన కూడా వచ్చి ప్రార్థన చేయాలని అనుకున్నారు. పెద్దమ్మగారే రమ్మన్నారు."

"పోనీలేమ్మా, ఎవరో పెట్టారు" అన్నాడు బాలశౌరి. "నిమ్మకాయల మీద కేసు కడతావా?"

"దొంగతనానికి వచ్చిన మనిషి కారు కదిలించే ముందు నాలుగు చక్రాలకీ నిమ్మకాయలు పెట్టాడు సార్. ఎన్నో ఏళ్లుగా కదలని బండి, మంచీ చెడూ చూసుకోకుండా తీయడానికి చెయ్యి రాలేదు. అంటే బయటి దొంగ కాదు. ఆ బండి మీద భయభక్తులున్న మనిషి. ఆ ఇంటి మనిషి."

బాలశౌరి మొహంలో ఎగతాళి కొంచెం తగ్గింది. "అది ఊహ. సాక్ష్యం కాదు."

"సాక్ష్యం ఇంకోటి ఉంది. ఏవండీ, ఆ చక్రాల బల్ల ఇటు తెస్తారా?"

కారు కిందికి దూరి పని చేయడానికి మెకానిక్కులు పడుకునే నాలుగు చక్రాల బల్ల అది. గేటు దగ్గర నుంచి కొన్ని మట్టిపెళ్లలు ఏరుకొచ్చి, ఒక్కో చక్రానికి ముందు ఒక్కోటి పెట్టాను. నిమ్మకాయలు ఎప్పుడూ అలాగే పెడతాం కదా, చక్రానికి ముందు, బండి ముందుకెళుతూ నలపాలని.

"ముందుకి తొయ్యండి."

ఆయన తోశారు. నాలుగు పెళ్లలూ పిండైపోయాయి.

ఇంకో నాలుగు అలాగే పెట్టాను. "ఇప్పుడు వెనక్కి లాగండి."

ఆయన లాగారు. ముందు చక్రాలు వెనక్కి దొర్లుతూ వెళ్లి, వెనక చక్రాల ముందున్న పెళ్లల్ని నలిపేశాయి. ముందు రెండు మాత్రం చెక్కు చెదరలేదు.

మావారు నా వైపు చూశారు. ఇద్దరం ఒక్కసారే నవ్వాం. చప్పట్లు కొట్టబోయిన చేతుల్ని హెప్సిబా మొహం చూసి కిందికి దించేశాను.

"కారు ముందు గేటులోంచి వెళ్లలేదు సార్" అన్నాను. "విస్సన్నపేట రోడ్డే ఎక్కలేదు. వెనక్కి వెళ్లింది. ఆ వెనక గేటులోంచి మిల్లులోకి."

బాలశౌరి వెనక గేటుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "అటు ప్రైవేటు స్థలం. లోపలికి వెళ్లడానికి నీ దగ్గర అనుమతి లేదు."

"ఈ గేటు గడియ మిల్లు వైపు నుంచే తీయాలి. ప్రేమ్ కిరణ్ ఇటు నుంచి తీయలేడు. మిల్లు వాళ్లే తీశారు. మీరు ఇక్కడికి ఎప్పుడొచ్చారు సార్?"

"పొద్దున ఎనిమిదింటికి."

"విజయవాడ నుంచా?"

"ఇంకెక్కడి నుంచి?"

"మరి మీ బుల్లెట్ సీటు మీద మిల్లు తవుడు రాత్రి మంచుకి తడిసి, ఎండి అట్టకట్టి ఎందుకుంది? గేటు దగ్గర పెట్టారుగా, మట్టిపెళ్లలు ఏరుతున్నప్పుడు సీటు తడిమి చూశాను. రాత్రంతా మిల్లు ఆవరణలోనే ఉన్న బండి అది."

నేను ఆయన్ని దాటి గేటు పక్క సందులోంచి చూశాను. అవతలి మెత్తటి మట్టిలో ట్రాక్టరు టైర్ల గాట్లు, వాటి మధ్య సన్నటి కారు చక్రాల జాడ.

"సార్, ఇది మీకూ నాకూ పోటీ కాదు. ఆ పిల్లాడు ఎక్కడో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. తప్పుకోండి."

ఆయన తప్పుకోలేదు. హెప్సిబా వచ్చి నిలబడింది. "జరగండి సార్" అంది. అంత చిన్న గొంతులో అంత కోపం ఉంటుందని నేననుకోలేదు. బాలశౌరి పక్కకి జరిగాడు. మావారు గోడ మీదికెక్కి, అవతలికి దూకి గడియ తీశారు.

కాశీవిశ్వనాథం గారు మిల్లు ఆఫీసు మెట్ల మీదే ఉన్నారు. మేం వెనక గేటులోంచి రావడం చూసి ఆయన లేవబోయి మళ్లీ కూర్చున్నారు.

"కారు ఎక్కడుందండీ?" అన్నాను.

"ఏం కారు? విస్సన్నపేట..."

"సార్, మీరేమీ మాట్లాడకండి" అన్నాడు వెనక నుంచి బాలశౌరి.

హెప్సిబా ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కుండ మెట్టు మీద పెట్టి, నీళ్లలోంచి పెన్ను తీసి ఆయన చేతికి అందించబోయింది. "మీ కారు మీరే ఉంచుకోండి సార్. పెద్దమ్మగారికి నేను చెప్తాను, మా అన్నయ్యకి వద్దని చెప్తాను. వాడెక్కడున్నాడో చెప్పండి. వాడికి ముందు చక్కెర పెట్టాలి, తర్వాత ఇది వెయ్యాలి. ఆలస్యమైతే బతకడు సార్."

కాశీవిశ్వనాథం గారు పెన్ను వైపు చూశారు.

"నేను వాడిని ముట్టుకోలేదమ్మా" అన్నారు. "నా పిల్లల మీద ఒట్టు. కారు తీశాను, నిజమే. మా గోదాములో ఉంది. మా నాన్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించిన కారు అది. అన్నయ్యకి వెళితే సరే అనుకున్నా. వదిన ఎవరో కుర్రాడికి ఇచ్చేస్తుంటే నిద్ర పట్టలేదు. నాలుగు రోజులు దాచి, వాడి మీద వదినకి మనసు విరిగాక, దొరికిందని బయటపెడదామనుకున్నా. అంతే. పోలీసులు పట్టుకున్నా నేనే విడిపించేవాడిని వాడిని."

"నిమ్మకాయలు మీరే పెట్టారా?"

"పెట్టకుండా ఎట్టా తీస్తాను? నాన్న బండి అది."

ఒక్క క్షణం నా ఒళ్లంతా తేలికైంది. ఈ మనిషి అబద్ధాలకోరు, కానీ హంతకుడు కాదు. ఆ పిల్లాడికి ఈయనేమీ చేయలేదు. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. ఈయన ఏమీ చేయకపోతే ప్రేమ్ కిరణ్ ఎక్కడ?

"మీరు వచ్చేసరికి షెడ్డులో అతను లేడా?"

"లేడమ్మా. బయట వాడి మోటారుసైకిలు లేదు. ఇంటికెళ్లాడనుకున్నాం. టార్చి కూడా సరిగ్గా వెయ్యలేదు, రోడ్డు మీదికి వెలుగు కనపడుద్దని."

"మోటారుసైకిలు నేను తీసుకెళ్లాను" అంది హెప్సిబా. "రాత్రి ఆటో దొరకలేదు, బండి తీసుకెళ్లమని వాడే తాళం ఇచ్చాడు. వాడు షెడ్డులోనే ఉన్నాడు."

"షెడ్డులో మంచం లేదు, చాప లేదు" అన్నాను. "ఎక్కడ పడుకుంటాడు?"

హెప్సిబా నా వైపు చూసింది. జవాబు చెప్పబోయి, చెప్పబోతున్నదేమిటో తనకే అర్థమై, ఆ అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి.

"కార్లో" అంది. "వెనక సీట్లో, కాళ్లు ముడుచుకుని."

మిల్లులో జల్లెడ ఆడుతున్న చప్పుడు వినబడుతోంది.

"లేదు" అన్నారు కాశీవిశ్వనాథం గారు. "నేను ముందు సీట్లో కూర్చున్నా. తాళం తిప్పుతూనే ఉన్నా. ఎంత తిప్పినా అందుకోలేదు, అందుకే ట్రాక్టరు పెట్టి వెనక్కి లాగాం. అంత చప్పుడికి పడుకున్నవాడు లేవడా?"

"స్పృహ తప్పినవాడు లేవడు. వెనక్కి తిరిగి చూశారా మీరు?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "చీకటి. వెనక అద్దాలకి రంగు పడకుండా కాగితాలు అంటించి ఉన్నాయి. సీటు మీద దుప్పటి లాంటిదేదో... స్పాంజి ముక్కలనుకున్నా..."

"గోదాము తాళం ఇవ్వండి!" చెయ్యి చాపాను. కానీ ఆయన నా వైపు చూడటం లేదు. నా భుజం మీదుగా బాలశౌరి వైపు చూస్తున్నారు.

వెనక్కి తిరిగాను. బాలశౌరి గోడకి ఆనుకుని ఉన్నాడు. నల్లద్దాలు చేతిలోంచి కింద పడ్డాయి, ఏరుకోలేదు.

"నువ్వొస్తున్నావని తెలిసింది" అన్నాడు. "ముసలావిడ నిన్ను పెట్టుకుందని. ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరతావు నువ్వు. ఎవరూ లోపలికి రాకూడదని... వారం దాకా ఎవరూ తలుపు తీయకుండా ఉండాలని..."

"ఏం చేశారు?"

"గోదాముకి పురుగుమందు పెట్టించాను. గ్యాసు బిళ్లలు."

"ఎప్పుడు?"

"పదిన్నరకి."

నేను మావారి చేతి గడియారం చూశాను. పదకొండు దాటి పది నిమిషాలు. ఆయన అప్పటికే నూట ఎనిమిదికి ఫోను చేస్తున్నారు. అంబులెన్సు, ఆక్సిజను, గ్యాసు అని ఆయన గొంతు పెరుగుతూ పోతోంది.

హెప్సిబా కుండ అందుకుంది, అందరం పరుగెత్తాం. గోదాము మిల్లు చివర ఉంది. రెండు ఇనప తలుపులు, మధ్యలో ఇంతింత తాళం. తలుపుల మీద పుర్రె బొమ్మ గీసిన అట్ట. గాలి చొరకుండా తలుపుల చుట్టూ, మధ్య సందులో, కింద గడప పొడవునా తడిమట్టి మెత్తి ఉంది. ఆ మట్టి మీద వేళ్ల గుర్తులు ఇంకా ఆరలేదు.

బస్తాలు మోసే రాయప్ప అడ్డం వచ్చాడు. "తియ్యమాకండమ్మా! గ్యాసు లేచే టైము ఇది. తలుపు తీసి లోపలికెళితే మీరూ పడిపోతారు. మందు పెట్టినోళ్లు మాస్కులు పట్టుకెళ్లిపోయారు, మైలవరంలో ఇంకో మిల్లు ఉందని."

"లోపల మనిషున్నాడు" అన్నాను.

రాయప్ప నా మొహంలోకి చూసి, గడ్డపార కోసం పరుగెత్తాడు.

కాశీవిశ్వనాథం గారు తాళంచెవుల గుత్తి తీశారు. కంగారులో ఒక్క తాళంచెవీ రంధ్రంలోకి పోలేదు. మావారు గుత్తి లాక్కున్నారు. బాలశౌరి మోకాళ్ల మీద కూలబడి తను మెత్తించిన మట్టిని గోళ్లతో గీకుతున్నాడు. హెప్సిబా తలుపుకి చెవి ఆనించి, "అన్నయ్యా! ప్రేమన్నయ్యా!" అని ఇనుము మీద అరచేతులతో బాదుతోంది.

"భువనా, నువ్వు వెనక్కి జరుగు" అన్నారు మావారు. రుమాలు కుండలో నీళ్లతో తడిపి మొహానికి కట్టుకుంటున్నారు. "తలుపు తీయగానే నేను వెళతాను."

"తడిగుడ్డ ఆ గ్యాసుని ఆపదండీ. మీకు తెలుసు."

"తెలుసు" అన్నారు. ఆయన కళ్లు నా కళ్ల మీదే ఉన్నాయి. పొద్దున కాఫీ గిన్నె దగ్గర చూసినట్టే చూస్తున్నారు. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. వదలాలో పట్టుకోవాలో నాకు తెలియలేదు.

"కారు అద్దాలు మూసి ఉన్నాయా?" అని అరిచాను కాశీవిశ్వనాథం గారి మీద. "గుర్తు తెచ్చుకోండి! మూసి ఉంటే ఇంకాస్త టైముంటుంది!"

"మూసే... నావైపుది... నావైపుది నేనే దించాను. ఉక్కపోసిందని..."

అప్పుడు లోపల హారన్ మోగింది.

బొంగురుగా, మందంగా, తలుపుల మీద ఉన్న మా చేతులకి తెలిసేలా మోగింది. హెప్సిబా కేక పెట్టింది. బాలశౌరి చేతులు ఆగిపోయాయి. బతికే ఉన్నాడు. లేచాడు. ముందు సీట్లోకి పాకి వచ్చాడు.

హారన్ ఆగింది. మళ్లీ మోగింది, ఈసారి చిన్నగా. మళ్లీ ఆగింది.

మావారి చేతిలో తాళం ఊడింది.

మూడోసారి మోగిన హారన్ ఆగలేదు. స్టీరింగు మీద పడ్డ బరువు ఇక లేవలేనట్టు, ఒకే స్వరంతో, అలా మోగుతూనే ఉంది.